రంగం వెళ్ళినవాళ్ళ నవల వస్తోంది

ఒక తెలుగు నవల కోసం నేను ఇంతగా ఎదురుచూసి చాలా ఏళ్ళయింది. సంక్రాంతి లోపు పుస్తకం చేతికొస్తుందని రచయిత అంటున్నారు. పేరు ఇంకా ఖాయం కాలేదు, రెండు పేర్ల మధ్య ఆయన ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. తన పేరు కూడా అప్పుడే బయటపెట్టొద్దన్నారు కాబట్టి ఇక్కడ రాయను. కథ గురించి మాత్రం చెప్పుకోవచ్చని ఒప్పుకున్నారు. 1942లో బర్మా నుంచి నడిచొచ్చిన మనవాళ్ళ కథ అది. రంగంలో, అంటే రంగూన్‌లో, ఒక ప్రేమ, ఇక్కడ పల్లెలో ఒక పెళ్ళి, రెండింటినీ యుద్ధం మింగేసిన కథ.

విశాఖలో ఒక స్నేహితురాలి ఇంట్లో, మేడ మీద, ఆయన రెండు అధ్యాయాలు చదివి వినిపించారు. కొద్దిమందిమే ఉన్నాం. మొదటి అధ్యాయం అయ్యేసరికి టీలు చల్లారిపోయాయి. రెండోది అయ్యాక ఎవరూ మెచ్చుకోలు మాటలేమీ అనలేదు, ఒక్కొక్కరూ తమ ఇంట్లోంచి రంగం వెళ్ళినవాళ్ళ సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. అందరి ఇళ్ళలోనూ ఒకరున్నారు. నేనూ చెప్పాను.

ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్ళకు రంగం అంటే వివరించక్కర్లేదు. రంగూన్‌ని మా పెద్దవాళ్ళంతా అలాగే అనేవారు. విశాఖ, భీమిలి, కాకినాడ, అటు గోపాల్పూర్ రేవుల నుంచి స్టీమర్లు వెళ్ళేవి. మేస్త్రీలు ఊళ్ళకొచ్చి, ఇంటి పెద్ద చేతిలో అడ్వాన్సు పెట్టి, కుర్రాళ్ళను ఓడెక్కించేవారు. ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ ఎక్కడ పని చేయమంటే అక్కడ చేయాలి. రేవులో బస్తాలు మోసింది, ధాన్యం మిల్లుల్లో దుమ్ము తిన్నది, రిక్షాలు లాగింది, ఊరు ఊడ్చింది చాలావరకు మనవాళ్ళే. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళను కోరంగీలనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ పట్నంలో సగానికి పైగా జనం భారతీయులే. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగమే కదా. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళే కూలీకి అది పరదేశం అనిపించేది కాదు, పని దొరికే ఇంకో పెద్ద ఊరు, అంతే.

వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. ఆడవాళ్ళు ఊళ్ళోనే ఉండిపోయేవారు. ఈ నవల నిలబడింది దాని మీదే.

కథ 1930 మే నెలలో మొదలవుతుంది. అప్పన్న అనే కుర్రాడు రంగం రేవులో అడుగుపెట్టిన కొద్దిరోజులకే కూలి పెంచమని మనవాళ్ళు సమ్మె కడతారు. ఇది నిజంగా జరిగింది. సరుకు ఎత్తించే కంపెనీలు మనవాళ్ళ బదులు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి. మనవాళ్ళతో రాజీ కుదరగానే ఆ బర్మా కూలీలను ఇక పొమ్మన్నాయి. కడుపు మండిన వాళ్ళకీ పనికి తిరిగొచ్చిన వాళ్ళకీ మధ్య రేవులోనే గొడవ మొదలై ఊరంతా పాకింది. రోజుల తరబడి కోరంగీలను వెతికి వెతికి కొట్టారు, చంపారు. రెండు పక్షాల పేదవాళ్ళూ ఒకరినొకరు నరుక్కుంటుంటే లాభం ఎవరిదో రచయిత ఎక్కడా గొంతు పెంచి చెప్పలేదు. ఒక చిన్న సన్నివేశంలో చూపించారు. రేవు దగ్గర మొహింగా అమ్మే ఒక బర్మా అమ్మాయి అప్పన్నను తన పెద్ద కుండల వెనక కూర్చోబెట్టి, మీద గోనెపట్టా కప్పి, వచ్చిన గుంపుకు చేపల పులుసూ సేమ్యా వడ్డిస్తుంది. ఆ గుంపులో ఆమె సొంత అన్న కూడా ఉంటాడు. వాడికీ వడ్డిస్తుంది. ఆమె పేరు నేనిక్కడ చెప్పను. నవలలో ఆ పేరు అప్పన్న నోట మొదటిసారి వచ్చే చోటు ఒకటుంది, అక్కడే మీరు చదవాలి.

అప్పన్నకు ఊళ్ళో పెళ్ళయింది. భార్య కాపురానికి వచ్చిన ఏడాదే అతను ఓడెక్కాడు. మనియార్డర్లు పంపుతాడు. మూడు నాలుగేళ్ళకోసారి వచ్చి, ఒక పంట కాలం ఉండి, మళ్ళీ వెళ్తాడు. ఇటు ఈమె, అటు ఆమె. చాలా కుటుంబాల్లో జరిగిన సంగతే ఇది, మన ఇళ్ళల్లో మాత్రం గొంతు తగ్గించి చెప్పుకుంటారు. మన కథల్లో రంగం ఆడది అనగానే మందు పెట్టి మగాణ్ణి కట్టేసుకున్నదని ఒక మాట అలవాటుగా వచ్చేస్తుంది. చిన్నప్పుడు నేనూ అదే విన్నాను. ఆయన చదివిన రెండు అధ్యాయాల్లో ఆ ఛాయ లేదు. తనకా అనే చెట్టు చెక్కను నీళ్ళతో అరగదీసి బుగ్గలకు రాసుకుని, తెల్లవారకముందే కుండలు మోసుకుంటూ రేవుకు పోయే ఒక కష్టజీవి ఆమె. ఆ చేతులకు మిరపకాయల మంట ఎప్పుడూ ఉంటుందని ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యంతో నేను ఆమె పక్షాన నిలబడిపోయాను.

రెండో అధ్యాయం యుద్ధం. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద మొదటిసారి బాంబులు వేశాయి. అంతకుముందు ఎప్పుడూ విమానదాడి చూడని జనం వీధుల్లో నిలబడి ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయారు. అందుకే అంతమంది పోయారు. క్రిస్మస్ రోజు మళ్ళీ వేశాయి. రేవు ఖాళీ అయింది. మనవాళ్ళు వేల సంఖ్యలో ఉత్తరాన ఉన్న ప్రోమ్ పట్నం వైపు నడక మొదలుపెట్టారు. రేవు పని ఆగిపోతుందని ప్రభుత్వం మొదట్లో వాళ్ళను దారిలోనే ఆపి వెనక్కి మళ్ళించింది. కొంతకాలం దారి మూసేసింది. ఓడల్లో డెక్కు టికెట్టు మీద వెళ్ళడానికి ఒంట్లో బలమున్న మగ కూలీలకు అనుమతి దొరకడమే కష్టమైంది. మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. అప్పటికి తెల్లదొరలు చాలామంది దాటిపోయారు.

ఆ తర్వాత దారులు మూడు. ప్రోమ్ నుంచి అరకాన్ కొండలెక్కి టాంగుప్ దిగి, పడవల మీద అక్యాబ్, అక్కణ్ణుంచి చిట్టగాంగ్ చేరడం ఒకటి. చింద్విన్ నది దాటి టము మీదుగా ఇంఫాల్, దీమాపూర్ రైలు దాకా నడవడం ఇంకొకటి. ఈ రెండూ మూసుకుపోయాక చివరికి మిగిలింది ఉత్తరాన హుకాంగ్ లోయ, పాంగ్సౌ కనుమ, లీడో. మే నెలలో వానలు పట్టుకున్నాక ఆ లోయలో మోకాలి లోతు బురద. కలరా, మలేరియా, ఆకలి. మొత్తం మీద నాలుగైదు లక్షల మంది బయల్దేరారని లెక్క కట్టారు. దారిలో పోయినవాళ్ళు 10,000 అని కొందరు, 50,000 దాకా ఉంటారని కొందరు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరం చూడండి. 40,000 మంది ఉన్నారో లేరో తెలియనంత లెక్కలేనితనం. దారిలో తెల్లవాళ్ళకు వేరే శిబిరాలు, వేరే బాట, మనవాళ్ళకు వేరే. దేశం కోసం జరుగుతోందన్న యుద్ధంలో కూడా నడిచే దారిని ఒంటి రంగు చూసి పంచారు.

యుద్ధంలో చనిపోయిన సైనికులకు గుర్తులున్నాయి. రంగూన్ దగ్గర తౌక్యాన్ శ్మశానంలో, సమాధి కూడా దొరకని దాదాపు 27,000 మంది సైనికుల పేర్లు రాతి స్తంభాల మీద చెక్కారు. అందులో మన దేశపు పేర్లు బోలెడు. అది చాలా గొప్ప పని, ఎవరైనా తలవంచాల్సిందే. కానీ బస్తాలు మోసి మోసి నడిచిపోయిన అప్పన్నల పేర్లు ఏ రాతి మీదా లేవు. ప్రతి మేస్త్రీ దగ్గరా ఒక పద్దు పుస్తకం ఉండేది, ఎవడు ఎంత బాకీ అని. ఆ పుస్తకాలు కాలిపోయాయి. అప్పుతో పాటు మనిషి ఆనవాలు కూడా పోయింది. అప్పన్న ఆ మంటను చూస్తూ మొదట సంతోషపడి, అంతలోనే భయపడే చోటు చదివేటప్పుడు రచయిత గొంతు వణికింది.

నన్ను పూర్తిగా పట్టేసింది మాత్రం ఒక తేదీ. 1942 ఏప్రిల్ 3న మాండలే కాలిపోయింది. మూడు రోజులకు, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అంతకుముందు రోజే కొలంబో మీద దాడి జరిగింది, బంగాళాఖాతంలో ఓడల్ని వరసగా ముంచేశారు. విశాఖలో పోయిన ప్రాణాలు కొద్దే, కానీ భయం కొద్దిది కాదు. 1933లో తెరిచిన కొత్త రేవు, అప్పుడే పునాది పడిన ఓడల కార్ఖానా, రెండూ ఒక్కసారిగా ప్రమాదానికి గుర్తులైపోయాయి. ఊరు ఖాళీ అయింది. బళ్ళు కట్టుకుని, తట్టాబుట్టా నెత్తినపెట్టుకుని జనం లోపలి ఊళ్ళకు పోయారు. చెన్నపట్నంలో కూడా అదే గందరగోళం, జంతుప్రదర్శనశాలలో క్రూరమృగాలను కాల్చి చంపించారు.

అంటే ఏమిటి? అక్కడ అప్పన్న కొండలు దాటుకుంటూ ఈ తీరం వైపు నడుస్తున్నాడు. ఇక్కడ అతని భార్య అదే తీరం వదిలి పారిపోతోంది. చేరితే చాలు, ప్రాణం దక్కుతుందని అతను అనుకుంటున్న ఇంటికి తాళం పడింది. నవల నడుమ భాగమంతా ఈ రెండు నడకలనూ ఒక అధ్యాయం అటు, ఒక అధ్యాయం ఇటు చెబుతుందని రచయిత అన్నారు. ఇది కల్పించక్కర్లేదు, ఆ తేదీలే అలా ఉన్నాయి. ఇన్నేళ్ళు ఎవరూ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదేమిటా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ఇంటి సంగతి చెబుతాను. మా తాతయ్య అన్నగారు రంగం వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన భార్యను మేం పెద్దమామ్మ అనేవాళ్ళం. నేను హైస్కూల్లో ఉండగా పోయింది. పోయేదాకా నుదుట కాసంత బొట్టు, చేతులకు గాజులు. ఆమె ముత్తైదువో కాదో ఊరికి ఎప్పుడూ తేలలేదు. పెళ్ళిళ్ళలో ఆమెను పసుపు కొట్టడానికి పిలవాలా వద్దా అని ప్రతిసారీ గుసగుసలు. పిలిస్తే ఒకరు ముఖం చిట్లించేవారు, పిలవకపోతే ఇంకొకరు బాధపడేవారు. ఆమె మాత్రం వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తూ ఉండేది. ఎవరైనా ధైర్యం చేసి అడిగితే, "పోనారని ఎవులైనా సూసొచ్చినారేటి?" అనేది. అంతే. ఆ ప్రశ్నకు మా ఊళ్ళో ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆమె దగ్గర నల్ల లక్కపెట్టె ఒకటుండేది, మూత మీద ఎర్రటి లతలు. ఆయన ఒకసారి వచ్చినప్పుడు తెచ్చినది. అందులో మనియార్డరు కాగితాలు దాచుకుంది. ఆమెకు చదువు రాదు. ఆఖరి కాగితం మీద తేదీ 1941 నవంబరు అని మా నాన్నగారు చదివి చెప్పారట. ఆ డబ్బుతో కొన్న గేదె గురించి ఆమె చెప్పేది, డబ్బు పంపిన మనిషి గురించి చెప్పేది కాదు. ఆ తర్వాతి సంవత్సరాల గురించి మా నాయనమ్మ చెప్పింది. రంగం డబ్బు ఆగింది, రంగం బియ్యమూ ఆగింది. ధరలు మండాయి. తోటకూర, గంజి, మామిడి టెంకల పిండి. బర్మా బియ్యం మీద ఇక్కడి ఊళ్ళు ఎంతగా ఆధారపడ్డాయో ఆ ఆకలి వచ్చాకే అందరికీ తెలిసొచ్చింది.

పోగొట్టుకున్న ప్రేమ అంటే మన నవలల్లో ఒక ఉత్తరం అందకపోవడం, ఒక పెళ్ళి తప్పిపోవడం, చివర్లో రైల్వే స్టేషన్‌లో నెరిసిన జుట్టుతో కలుసుకోవడం. పెద్దమామ్మకు అదేమీ లేదు. కలిసి గడిపింది మొత్తం కలిపితే రెండేళ్ళు కూడా ఉండకపోవచ్చు. ఆయన ముఖం గుర్తుందా అని నేను ఒకసారి అడిగాను, పిల్లతనంగా. నడక గుర్తుందంది. ముఖం పోయింది, నడక మిగిలింది. ఇలాంటిదాన్ని ప్రేమ అంటారా అని ఎవరైనా అనొచ్చు. నేను ప్రేమే అంటాను. నలభై ఏళ్ళకు పైగా ఒక మనిషి బతికున్నాడన్నట్టే రోజూ బొట్టు పెట్టుకోవడానికి ఇంకో పేరు నాకు తెలియదు.

అందుకే ఈ నవల నుంచి నేను కోరుకుంటున్నది ఒక్కటే, మూడు అధ్యాయాల తర్వాతైనా ముప్ఫై అధ్యాయాల తర్వాతైనా. అప్పన్న ఏమయ్యాడో ఊళ్ళో ఉన్న భార్యకు తెలియకూడదు. పాఠకులకు చెప్పాలంటే చెప్పుకోండి, ఆమెకు మాత్రం వద్దు. ఒక సైనికుడు వచ్చి ఉంగరం ఇచ్చి వెళ్ళాడనో, ఇంఫాల్ ఆసుపత్రి నుంచి కబురొచ్చిందనో రాస్తే పాఠకులకు ఊరట దొరుకుతుంది. కానీ ఆ ఆడవాళ్ళెవరికీ ఆ ఊరట దొరకలేదు. వాళ్ళకు లేనిదాన్ని మనం పుచ్చుకోవడం నాకు న్యాయంగా తోచదు. ఈ మాట రచయితతో మెట్లు దిగుతూ అన్నాను. ఆయన చాలాసేపు ఆగి, ముగింపు ఇప్పటికి రెండు రకాలుగా రాశానన్నారు. ఏది ఉంచుతారో అన్నదే నాకు ఇప్పుడున్న పెద్ద టెన్షన్.

రెండో దిగులు ఆ బర్మా అమ్మాయి గురించి. అప్పన్న ప్రోమ్‌లో ఆమెను వదిలి నడక మొదలుపెట్టే చోటు దగ్గర రచయిత చదవడం ఆపేశారు. ఆమెను ఆయన అక్కడే వదిలేస్తారా, లేక వెనక్కి వస్తారా? యుద్ధం అయ్యాక కూడా బర్మాలో తెలుగువాళ్ళు చాలామంది ఉండిపోయారు. 1962లో సైన్యం అధికారంలోకి వచ్చాక, ఆ తర్వాతి రెండు మూడేళ్ళలో దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక, ఇంకో విడత మనవాళ్ళు కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు ఉంది కదా, అది ఆ రెండో విడత గుర్తు. అక్కడ ఒక పెద్దాయనతో మాట్లాడాను. వాళ్ళమ్మ బర్మా ఆవిడ. ఈ ఊళ్ళో దిగాక ఆమె తెలుగు నేర్చుకుందట, సింహాచలం కొండెక్కిందట, వంటింట్లో మాత్రం ఎండు రొయ్యల వాసన వదల్లేదట. ఇక్కడ ఎదురుచూసిన ఆడవాళ్ళ పక్కనే అక్కడి ఆడవాళ్ళనూ నిలబెట్టకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఇద్దరూ ఒకే మనిషి కోసం ఏడ్చినవాళ్ళు.

మా అమ్మకు ఈ నవల సంగతి చెప్తే నచ్చలేదు. ఇంటి మాట వీధిలోకి ఎందుకంది. పెద్దమామ్మ పడ్డ అవమానాలు అమ్మ కళ్ళతో చూసింది, కొత్త కోడలిగా ఆమె పక్కనే పడుకునేది. నేను వాదించలేదు. రెండు రోజులాగి, కూర తరుగుతూ, "అందులో వేరే పెళ్ళాం ఉందని ఆ భార్యకు తెలుస్తుందా?" అని అడిగింది. తెలియదు, ఇంకా అక్కడిదాకా చదవలేదన్నాను. "పెద్దత్తకి తెలుసు" అంది అమ్మ. ఎలా తెలుసో చెప్పలేదు, నేను గుచ్చి అడగలేదు. ఆ పెట్టెలో మనియార్డరు కాగితాలతో పాటు ఇంకేమైనా ఉండేదేమో. పెద్దమామ్మ పోయాక పెట్టె ఎవరింటికి చేరిందో కూడా తెలియడం లేదు, చుట్టాలందరినీ అడుగుతున్నాను. పుస్తకం వచ్చాక అమ్మకు నేనే చదివి వినిపిస్తాను, ఆమె వద్దంటే ఆపేస్తాను.

రచయిత ఏప్రిల్ 6 అధ్యాయాన్ని మళ్ళీ రాస్తున్నారు. విమానాలు, ఓడల వివరాలు ఆయన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. లేనిది ఇళ్ళ సంగతి. ఆ సాయంత్రం ఎవరు ఏ పొయ్యి మీద ఏం వదిలేసి పరుగెత్తారు, ఎస్.కోట వైపు పోయారా విజయనగరం వైపా, దారిలో ఎవరు నీళ్ళిచ్చారు, ఎన్నాళ్ళకు తిరిగొచ్చారు, తాళం పగిలి ఉందా? మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్ళుంటే, చిన్నప్పుడు విన్నదైనా సరే, అడిగి రాయండి. రంగం నుంచి వచ్చిన కాగితం, ఫొటో, లక్కపెట్టె, లుంగీ, ఏదున్నా ఫొటో తీసి పంపండి, ఆయనకు అందజేస్తాను. నవంబరు చివరికి రాతప్రతి అచ్చుకు వెళ్ళిపోతుంది, కాబట్టి ఈ వారాంతం పెద్దవాళ్ళ దగ్గర కూర్చోగలిగితే మంచిది.